కోళ్ల పేలను దేన్ని బట్టి విడదీయాలి? ఒంటి ఆకారమా, తలా?

లంకపిల్ల:

అందరికీ నమస్కారం. నేను ఎమ్మెస్సీ జువాలజీ చివరి ఏడాదిలో ఉన్నాను. పెరటి కోళ్ల మీద, కోడి కుటుంబానికి చెందిన ఇతర పక్షుల మీద ఉండే నమిలే పేలను శరీర లక్షణాల ఆధారంగా వర్గీకరించడం నా ప్రాజెక్టు. మాది కోనసీమలో ఒక లంక ఊరు. మా ఇంట్లో నాటుకోళ్లు ఉన్నాయి. పక్కింటి మామయ్య అసీల్ పుంజుల్ని పెంచుతాడు. ఆయన వెనక దొడ్లోనే గినీ కోళ్లు, టర్కీలు కూడా ఉన్నాయి. మధ్యాహ్నమైతే అన్నీ ఒకే మామిడిచెట్టు కింద దుమ్ములో పొర్లుతుంటాయి. అందుకని పేల కోసం ఊళ్లు తిరిగే పని పడలేదు.

ఏ పక్షి నుంచి తీసిన పేలను ఆ పక్షి పేరుతోనే వేరే సీసాలో, 70 శాతం ఆల్కహాల్‌లో ఉంచాను. మైక్రోస్కోపు కింద పెడితే పైకి మూడు రకాలుగా కనిపిస్తున్నాయి. కొన్ని సన్నగా పొడుగ్గా ఉన్నాయి. కొన్ని చిన్నగా, దాదాపు గుండ్రంగా ఉన్నాయి. మిగతావి లేత పసుపు రంగులో కోలగా ఉన్నాయి. ఈ మూడూ మూడు గుంపులని రాసేయవచ్చా?

ఇంకో చిక్కు ఏమిటంటే, కోడి రెక్క మీద దొరికిన సన్నపేనూ టర్కీ మీద దొరికిన సన్నపేనూ పక్కపక్కన పెడితే అన్నదమ్ముల్లా ఉన్నాయి. అవి రెండూ ఒకే ప్రజాతివా (జీనస్)? గుండ్రటివాటిలో మరీ చిన్నవి వేరే జాతా, లేక పెద్దవాటి పిల్లలా? ఇక పసుపు పేను కోడి మీదా టర్కీ మీదా అచ్చం ఒకేలా ఉంది. ప్రతి పక్షికీ దాని సొంత పేను ఉంటుందని చదువుకున్నాం కదా, మరి ఇదెలా?

దొరికిన గుర్తింపు పట్టికల్లో మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతున్నాను. ఏ లక్షణంతో మొదలుపెట్టాలో, దాన్ని స్లైడు మీద ఎక్కడ వెతకాలో తెలిసినవాళ్లు చెప్పండి. మా గైడ్‌కి వచ్చే వారం మొదటి పట్టిక చూపించాలి, కాస్త టెన్షన్‌గా ఉంది.

పశువైద్యం_పల్నాడు:

నేను పశువైద్యుణ్ణి. మా పనిలో పేను ఎక్కడ కనిపించిందన్నదే మొదట చూస్తాం. మలద్వారం చుట్టూ, రొమ్ము కింద, తొడల మీద చర్మాన్ని అంటుకుని ఉండి, ఈకలు విడదీయగానే పరుగు తీస్తే అది ఒంటి పేను, మెనకాంథస్ స్ట్రామినియస్. కోడిని ఎక్కువ బాధపెట్టేది ఇదే. ఈక కాడ పొడుగునా వరసగా కూర్చుంటే మెనోపాన్ గాలినే. రెక్క పెద్ద ఈకల అడుగున కదలకుండా ఉంటే లిప్యూరస్ కాపోనిస్. తల మీద, మెడ మీద ఉంటే కుక్లోటోగాస్టర్ హెటెరోగ్రాఫస్. కోడిపిల్లలకు ఇది ప్రమాదం, బాగా పట్టిన పిల్లలు నీరసించి చనిపోతాయి. నూగు ఈకల్లో చిన్నవి ఉంటే గోనియోకోటిస్ గాలినే. ఒళ్లంతా అక్కడక్కడా పెద్ద గోధుమరంగు పేలు కనిపిస్తే గోనియోడిస్.

మందు వేయడానికి ఇంత తెలిస్తే చాలు. ప్రాజెక్టుకి మాత్రం చాలదు, ఎందుకంటే దొడ్లో పేలు ఒక చోటి నుంచి ఇంకో చోటికి, ఒక పక్షి నుంచి ఇంకో పక్షికి మారుతూ ఉంటాయి. వర్గీకరణ నా రంగం కాదు. ఈ ఫోరమ్‌లో స్లైడుపెట్టె మేడమ్ ఉన్నారు, ఆవిడ చూస్తే చెబుతారు.

స్లైడుపెట్టె:

అమ్మాయీ, మంచి పని ఎత్తుకున్నావు. డిగ్రీ కాలేజీలో జువాలజీ చెప్పి రిటైరయ్యాను. పక్షి పేల స్లైడ్లు చేయడం మాత్రం మానలేదు. దీని గురించి అడిగేవాళ్లే తక్కువ కాబట్టి కాస్త పెద్దగానే రాస్తున్నాను. ఓపిగ్గా చదువు.

అన్నిటికంటే ముందు ఒక మాట. పేను ఒంటి ఆకారాన్ని చూస్తే పక్షి మీద అది ఎక్కడ కాపురముంటుందో తెలుస్తుంది. దాని వంశం తెలియదు. వంశం తెలియాలంటే తల చూడాలి, అందులోనూ తల అడుగుభాగం చూడాలి. నీకు కనిపించిన ఆ మూడు గుంపులు మూడు రకాల చోట్లు మాత్రమే. వాటిని వర్గీకరణ అని రాయకు.

ఎందుకో చెబుతాను. పక్షి రోజూ ముక్కుతో ఈకలు దువ్వుకుంటుంది. పేలకు అసలు శత్రువు ఆ ముక్కే. ముక్కు విరిగిన కోడికి, ముక్కు కత్తిరించిన కోడికి పేలు ఎక్కువగా పట్టడం పెంపకందారులు చూస్తూనే ఉంటారు. రెక్క ఈక మీద ఉండే పేను ఈక పాయల మధ్య సందులో దూరి ముక్కును తప్పించుకోవాలి కాబట్టి సన్నగా, పొడుగ్గా ఉంటుంది. ఒంటి మీద నూగులోకి దిగిపోయేది గుండ్రంగా ఉంటుంది. తల మీదికి పక్షి ముక్కు ఎలాగూ చేరదు కనుక అక్కడ ఉండేవాటికి దొడ్డు శరీరం ఉన్నా ఫర్వాలేదు. ఏ పక్షి మీదైనా ఈ అవసరాలు ఒకటే కాబట్టి, వేర్వేరు వంశాల పేలు వేర్వేరుగా ఇవే ఆకారాలకు చేరుకున్నాయి. పావురం రెక్క మీద కొలంబికోలా అనే సన్నపేను ఉంటుంది. దూరం నుంచి చూస్తే మన కోడి రెక్క పేనే అనిపిస్తుంది. కానీ రెండిటి వంశాలూ వేరు. పక్షి ఈకల పేలలో రెక్క ఆకారం, తల ఆకారం, ఒంటి ఆకారం ఒక్కసారి కాదు, పదేపదే విడివిడిగా పుట్టాయని 2012లో వచ్చిన డీఎన్ఏ పరిశోధన కూడా తేల్చింది.

ఇక మొదటి మెట్టు, నమిలే పేలను ఇష్నోసెరా, ఆంబ్లిసెరా అనే రెండు పెద్ద గుంపులుగా విడదీయడం. స్పర్శశృంగాలు (యాంటెన్నాలు) చూడు. తల పక్కల నుంచి సన్నటి దారంలా, అయిదు కణుపులతో బయటికి పొడుచుకొచ్చి స్పష్టంగా కనిపిస్తే అది ఇష్నోసెరా. కనిపించకపోతే లేవని అనుకోకు. స్లైడు కింది వైపు నుంచి ఫోకస్ చెయ్యి. తల అంచు కింద ఇరుపక్కలా ఒక్కో గాడి ఉంటుంది. అందులో చివర ఉబ్బి, గదలా ఉన్న పొట్టి శృంగం ముడుచుకుని ఉంటుంది. గద కొస ఒక్కటే కాస్త బయటికి తొంగిచూస్తుంది. అది ఆంబ్లిసెరా. ఈ ఒక్క మెట్టు దాటావంటే సగం పని అయినట్టే.

దాన్ని సరిచూసుకోవడానికి ఇంకో రెండు గుర్తులున్నాయి. ఆంబ్లిసెరాలో నోటి పక్క నుంచి పాల్ప్‌లు అనే నాలుగు కణుపుల చిన్న స్పర్శాంగాలు ముందుకు వస్తాయి. చాలామంది మొదటిసారి వాటినే స్పర్శశృంగాలు అనుకుంటారు, జాగ్రత్త. ఇష్నోసెరాలో ఈ పాల్ప్‌లు ఉండవు. రెండోది దవడలు. ఆంబ్లిసెరాలో దవడలు తల అడుగుకు సమాంతరంగా, పక్కవాటుగా కదులుతాయి. ఇష్నోసెరాలో నిలువుగా ఉంటాయి, ఈక పాయను పట్టుకుని కొరకడానికి వీలుగా. ప్రాణంతో ఉన్నప్పుడు నడక కూడా తేడాయే. ఆంబ్లిసెరా పేలు చర్మం మీద చురుగ్గా పరిగెత్తుతాయి, ఇష్నోసెరా పేలు ఈకను పట్టుకుని అక్కడే ఉండిపోతాయి. కానీ సీసాలో ఉన్నదానికి నడక ఉండదు కదా, అందుకే తలను నమ్ముకోవాలి.

ఈ లక్షణాలను ఇలా వాడుకోవడం ఒక్కరోజులో రాలేదు. 1758లో లినేయస్ కోడి పేనునూ నెమలి పేనునూ మనిషి పేనుతో కలిపి పెడిక్యులస్ అనే ఒక్క ప్రజాతిలో పెట్టాడు. 1818లో జర్మనీలో నిట్జ్ నమిలే పేలన్నిటినీ మాలోఫేగా అనే గుంపు చేసి, మెనోపాన్, గోనియోడిస్, లిప్యూరస్ లాంటి పేర్లు పెట్టాడు. ఆంబ్లిసెరా, ఇష్నోసెరా అన్న విభజనకు పేర్లు పెట్టింది 1896లో అమెరికాలో కెల్లాగ్. కోడి కుటుంబం పేల మీద మాత్రం థెరిసా క్లే చేసిన పని నాకు అన్నిటికంటే ఇష్టం. బ్రిటిష్ మ్యూజియంలో కూర్చుని, 1938లో లిప్యూరస్‌నూ దాని దగ్గరి ప్రజాతులనూ, 1940లో గోనియోడిస్‌ను జాతి జాతిగా విడదీసి బొమ్మలు గీశారు. కాంగో నెమలి అనే పక్షి లోకానికి తెలిసింది 1936లో అయితే, దాని పేలను 1938లోనే వర్ణించారావిడ. ఆ బొమ్మల్లో ఒక్కో వెంట్రుకకూ దాని చోటు ఉంటుంది. మీ లైబ్రరీ ద్వారా తెప్పించుకో.

మాలోఫేగా అన్న పేరు పాత పుస్తకాల్లో కనిపిస్తుంది, ఇప్పుడు దాన్ని సహజమైన గుంపుగా ఒప్పుకోరు. ఇష్నోసెరా పేలకు ఆంబ్లిసెరా కంటే రక్తం పీల్చే పేలే దగ్గరి చుట్టాలని తేలింది. నీ రిపోర్టులో నమిలే పేలు అని మాటవరసకు వాడుకో, క్రమం పేరుగా రాయకు.

ఇప్పుడు నీ సీసాల దగ్గరికి వద్దాం. నీ పసుపు పేలు దాదాపుగా ఆంబ్లిసెరావే అయి ఉంటాయి. అందులో మెనోపాన్‌నూ మెనకాంథస్‌నూ విడదీయడానికి రెండు చోట్లు చూడాలి. పొట్ట పైభాగంలో ఒక్కో ఖండం మీద అడ్డంగా వెంట్రుకల వరస ఒక్కటే ఉంటే మెనోపాన్ గాలినే, రెండు వరసలుంటే మెనకాంథస్ స్ట్రామినియస్. తర్వాత తల అడుగున, పాల్ప్‌ల మొదలు దగ్గర, వెనక్కి తిరిగిన ముల్లు లాంటివి ఒక జత ఉన్నాయేమో చూడు. అవి ఉంటే మెనకాంథస్ ప్రజాతి. మెనోపాన్‌కి అవి ఉండవు. కోడి మీద మెనకాంథస్‌లోనే ఇంకా కార్న్యూటస్, పాలిడ్యులస్ అనే జాతులు కూడా ఉంటాయి కనుక, ముల్లు కనబడగానే స్ట్రామినియస్ అని రాసేయకుండా రెండు వరసల సంగతి కూడా నిర్ధారించుకో. సైజు కూడా సాయపడుతుంది. మెనోపాన్ సుమారు 2 మిల్లీమీటర్లు, స్ట్రామినియస్ 3 మిల్లీమీటర్లకు అటూ ఇటూ.

ఇదే పేను టర్కీ మీద కూడా ఎందుకుందని అడిగావు. స్ట్రామినియస్‌కు పేరు పెట్టింది టర్కీ మీద దొరికిన నమూనాను బట్టే. అంటే దాని సొంత ఇల్లు టర్కీ. టర్కీ అమెరికా ఖండపు పక్షి. మనిషి రెండిటినీ ఒకే దొడ్లో పెంచడం మొదలుపెట్టాక అది కోడికి ఎక్కింది, ఇప్పుడు ప్రపంచమంతటా కోళ్లకు ప్రధానమైన పేను అదే. ప్రతి పక్షికీ సొంత పేను అన్నది తప్పు కాదు. కానీ ఒకే చెట్టు కింద పొర్లే పక్షుల్లో ఆ గీత చెరిగిపోతుంది. అందుకే ఏ పక్షి మీద దొరికిందో చూసి పేను పేరు ఊహించకూడదు. ముందు పేనును గుర్తుపట్టు, పక్షి పేరు ఆ తర్వాత పక్కన రాయి.

ఇష్నోసెరా సంగతి. సన్నగా, బూడిద రంగులో, 2.5 మిల్లీమీటర్ల లోపు పొడవుతో, వెనక కాళ్లు ముందువాటికి రెట్టింపు పొడవుంటే అది లిప్యూరస్ కాపోనిస్. కుక్లోటోగాస్టర్ తల కూడా పొడుగే, ముందువైపు గుండ్రంగా ఉంటుంది, కానీ పొట్ట పీపాలా ఉబ్బి ఉంటుంది, పక్కల్లో ముదురు పలకలు కనిపిస్తాయి. టర్కీ మీది సన్నపేను ఆక్సిలిప్యూరస్ పాలీట్రపీజియస్ కావచ్చు. లిప్యూరస్ అన్న మాట పేరులో ఉన్నా ప్రజాతి వేరు. వీటిని తేల్చడానికి మగవాటిని వెతుకు. మగవాటి పొట్ట చివర, లోపలి జననాంగాల ఆకారం క్లే బొమ్మలతో పోల్చితేనే గట్టిగా చెప్పగలం. టర్కీ మీదే వెడల్పాటి పెద్ద పేను ఉంటే కెలోపిస్టెస్ మెలియాగ్రిడిస్ ఏమో చూడు. దాని కణతల మూలలు వెనక్కి సాగి ఉంటాయి, వాటి మీద గట్టి పొడుగు వెంట్రుక ఉంటుంది. ఒకసారి చూస్తే మర్చిపోలేం.

స్లైడు చేయకుండా వీటిలో ఏవీ సరిగ్గా కనిపించవని చెప్పాలి. పేను పొట్టకు సన్నసూదితో ఒక చిన్న రంధ్రం పెట్టి, 10 శాతం కాస్టిక్ పొటాష్‌లో ఒక రాత్రి ఉంచు. లోపలి పదార్థమంతా కరిగిపోయి గాజులా అవుతుంది. నీళ్లలో మెల్లగా నొక్కి కడుగు. తర్వాత తక్కువ శాతం ఆల్కహాల్ నుంచి శుద్ధ ఆల్కహాల్ దాకా మెట్టుమెట్టుగా మార్చి, లవంగ నూనెలో పెట్టి, కెనడా బాల్సమ్‌లో ఎక్కించు. కొన్నిటిని వీపు పైకి, కొన్నిటిని పొట్ట పైకి పెట్టు. లేబుల్ పెన్సిల్‌తో రాయి, పెన్ను సిరా ఆల్కహాల్‌లో కరిగిపోతుంది. లేబుల్ మీద పక్షి, ఊరు, తేదీతో పాటు ఒంటి మీద ఏ చోట తీశావో కూడా ఉండాలి. ఆకారం వంశాన్ని చెప్పదన్నాను గానీ, ఆ చోటు తెలిస్తే ఆకారానికి అర్థం తెలుస్తుంది.

బరి_పక్కన:

మేడమ్ గారికి నమస్కారం. మాది భీమవరం వైపు, తాతల కాలం నుంచి పుంజుల్ని పెంచుతున్నాం. మేం పుంజు ఈకల రంగు చూసి డేగ, కాకి, నెమలి, సేతువ, పర్ల అని పేరు పెడతాం. పేలకు కూడా రంగు చూసి చెప్పలేమా అండీ?

ఇంకోటి. మా పుంజుకి ముడ్డి చుట్టూ ఈకల మొదట్లో తెల్లగా ముద్దల్లా గడ్డకట్టి ఉంటున్నాయి. పట్టి లాగినా రావు. విడదీస్తే పసుపు పేలు చెల్లాచెదురుగా పరిగెత్తుతాయి. రెక్కలో ఉండేవి మాత్రం వేలు పెట్టినా కదలవు. రెక్కను ఎండకి పట్టుకుని చూస్తే ఈక పాయల మధ్యలో గీతల్లా కనిపిస్తాయి. మీరు చెప్పినట్టే ఉంది. ఆ ముద్దలు ఏంటో, పోవాలంటే ఏం చేయాలో చెప్పండి.

స్లైడుపెట్టె:

అయ్యా, రెక్కను ఎండకు పట్టి చూడటం చాలా మంచి పద్ధతి. సన్నపేలను వెతకడానికి మేమూ అదే చేస్తాం. అమ్మాయీ, నువ్వూ అలాగే చెయ్యి.

రంగుతో పేరు పెట్టడం పుంజుకు కుదురుతుంది గానీ పేనుకు కుదరదండీ. గుడ్డు నుంచి వచ్చిన పేను పిల్ల తెల్లగా ఉంటుంది. మూడుసార్లు కుబుసం విడిచి పెద్దదయ్యే కొద్దీ పలకలు గట్టిపడి రంగు తేలుతుంది. అంటే ఒకే జాతిలో మూడు నాలుగు ఛాయలు. పైగా తిన్న మేత రంగు బయటికి కనిపిస్తుంది. ముదురు ఈక తిన్నదానికి కడుపు నల్లగా ఉంటుంది. మీ పుంజు ముడ్డి దగ్గరి మెనకాంథస్ కొత్తగా మొలుస్తున్న ఈక మొదలు కొరికి రక్తం కూడా తాగుతుంది. అప్పుడే తీసి చూస్తే కడుపులో ఎర్రగా కనిపిస్తుంది. ఆల్కహాల్‌లో వేశాక ఇవన్నీ మారిపోతాయి.

ఆ తెల్లటి ముద్దలు ఈపులు. మెనకాంథస్ తన గుడ్లను మలద్వారం దగ్గరి ఈకల మొదట్లో గుత్తులుగా అతికిస్తుంది. తల పేను అయితే ఒక్కొక్కటిగా పెడుతుంది. గుడ్లు పెట్టే తీరు కూడా మంచి గుర్తే, అమ్మాయి తన నోట్సులో రాసుకోవచ్చు. మందు సంగతి డాక్టరు గారు చెబితే బాగుంటుంది.

పశువైద్యం_పల్నాడు:

మామూలుగా వాడే మందులకు ఈపులు చావవు. అవి సుమారు 4 నుంచి 7 రోజుల్లో పగులుతాయి. అందుకని మొదటిసారి పొడి చల్లాక వారం నుంచి పది రోజుల మధ్య మళ్లీ చల్లాలి. పెర్మెత్రిన్ పొడి లాంటిది మీ ఊరి పశువైద్యుణ్ణి అడిగి, వాళ్లు చెప్పిన మోతాదులోనే వాడండి. ఒక్క పుంజుకి వేస్తే లాభం లేదు, దొడ్లో ఉన్న పక్షులన్నిటికీ ఒకేసారి వేయాలి. పేను పక్షిని వదిలితే వారం కూడా బతకదు కాబట్టి గూటి కంటే పక్షి మీదే దృష్టి పెట్టండి. మొదట్లో ఈపులు గడ్డకట్టిన ఈకల్ని కత్తిరించి కాల్చేయండి. పొర్లడానికి పొడి మట్టి ఉంచండి, అది పక్షికి దొరికే సొంత వైద్యం.

అమ్మాయికి నాదో మనవి. మందు చల్లే ముందే నమూనాలు తీసుకో. చల్లాక దుప్పటి మీద రాలినవాటిలో ఏది ఏ చోటి నుంచి వచ్చిందో తెలియదు.

లంకపిల్ల:

మేడమ్, డాక్టరు గారూ, చాలా థాంక్స్. మామయ్యకి ఈ థ్రెడ్ చదివి వినిపించాను. రెక్కను ఎండకు పట్టుకోవడం ఆయన కూడా చేసి చూపించారు.

కొన్ని స్లైడ్లు చేశాను. కోడి ముడ్డి దగ్గరి పసుపు పేలకు కింది వైపు నుంచి ఫోకస్ దించుతూ పోతే మొదట పాల్ప్‌లు, ఇంకాస్త దించితే ఆ ముళ్ల జత కనిపించాయి. ఆ తర్వాత గాడిలో గద. ఒక్కో ఖండం మీద రెండు వరసల వెంట్రుకలు కూడా ఉన్నాయి, కాబట్టి స్ట్రామినియస్ అని రాసుకున్నాను. టర్కీవి కూడా అవే. గినీ కోడి మీద ఒక్కటే వరస వెంట్రుకలున్నవి దొరికాయి, ముళ్లు లేవు, అంటే మెనోపాన్. ఇవి మా కోళ్ల మీద కూడా ఉన్నాయి.

ఇప్పుడు మూడు సందేహాలు మిగిలాయి. గినీ కోడి రెక్కలో దొరికిన సన్నపేనుని లిప్యూరస్ న్యుమిడే అని రాయాలా, కాపోనిస్ అనా? చిన్న గుండ్రటివాటికి తల వెనక మూలలు కోణంగా ఉన్నాయి, అవి గోనియోకోటిస్ పెద్దవా, గోనియోడిస్ పిల్లలా? మా ఊరి చివర చేలల్లోకి నెమళ్లు వస్తుంటాయి. నెమలి పేలు కూడా చేరిస్తే పట్టిక బాగుంటుందని గైడ్ అన్నారు. దానికి దారేమైనా ఉందా?

స్లైడుపెట్టె:

ఫోకస్ దించుతూ పొరపొరగా చూడటం పట్టుబడిందంటే ఇక నీకు భయం లేదు.

గుండ్రటివాటి సంగతి ముందు చెబుతాను, నీ పట్టికలో తప్పు జరిగే చోటు అదే. వయసుకొచ్చిన గోనియోకోటిస్ గాలినే 1 నుంచి 1.5 మిల్లీమీటర్ల మధ్యే ఉంటుంది. గోనియోడిస్ పిల్ల కూడా ఒక దశలో అంతే ఉంటుంది. కొలతతో తేలదు. స్లైడులో పొట్ట చివర చూడు. మగదైతే లోపల గోధుమరంగు కడ్డీల్లా జననాంగం గాజు ఒంటిలోంచి కనిపిస్తుంది. ఆడదైతే పొట్ట అడుగున, చివరికి ముందు, ఒక పలక, దాని అంచున వెంట్రుకల వరస ఉంటాయి. ఈ రెండూ లేకపోతే అది పిల్ల. పిల్లకి జాతి పేరు రాయొద్దు, 'పిల్ల దశ' అని వేరుగా లెక్కపెట్టు.

పెద్దవని తేలాక స్పర్శశృంగాలు చూడు. గోనియోకోటిస్‌లో ఆడ మగ రెండిటికీ శృంగాలు ఒకేలా ఉంటాయి. గోనియోడిస్‌లో మగదాని శృంగం వేరు. మొదటి కణుపు బాగా లావై, మూడో కణుపు నుంచి పక్కకు ఒక కొక్కెం పొడుచుకొస్తుంది. జత కట్టేటప్పుడు మగది కింది నుంచి ఆడదాన్ని ఆ కొక్కేలతోనే పట్టుకుంటుంది. నీ కోళ్ల మీద గోధుమరంగు పెద్ద పేను ఒక్కటి దొరికినా దాని మగదాన్ని స్లైడు చేసి ఈ కొక్కెం చూడు. లిప్యూరస్ మగదానిలో కూడా మొదటి కణుపు లావుగానే ఉంటుంది, అందుకే ఆడ మగ కలిసిన సన్నపేలను రెండు జాతులని పొరబడేవాళ్లు ఉన్నారు. ప్రతి సీసా నుంచి ఆడదాన్నీ మగదాన్నీ రెండిటినీ స్లైడు చెయ్యి.

గోనియోడిస్‌లో మళ్లీ గైగాస్, డిస్సిమిలిస్ అని రెండు జాతులు కోళ్ల మీద ఉంటాయి. గైగాస్ పెద్దది, మన లాంటి వేడి దేశాల్లో ఎక్కువ. మగ జననాంగాలు పోల్చే దాకా గోనియోడిస్ అని మాత్రం ఉంచు.

గినీ కోడి సన్నపేను గురించి. న్యుమిడే గినీ కోడి పేను, కాపోనిస్ కోడి పేను. నీ దొడ్లో అవి రెండూ ఒకే చోట తిరుగుతున్నాయి. పక్షిని చూసి ఎటో ఒకవైపు మొగ్గకు. మగదాని పొట్ట చివర, శృంగం బొమ్మలతో పోల్చి రాయి. అది కుదిరేదాకా పట్టికలో 'లిప్యూరస్, గినీ కోడి నుంచి' అని ఉండనీ. అలా ఉంచితే గైడ్ ఏమీ అనరు. ఊహించి రాసిన పేరుంటే అంటారు. పక్షి ఎంత పెద్దదైతే దాని పేను అంత పెద్దదని హారిసన్ అనే పరిశోధకుడు 1915లో గమనించాడు. పక్షుల పక్కన పేల కొలతలు కూడా రాస్తే నీ పట్టికకు ఇంకో మంచి అంశం దొరుకుతుంది.

నెమలి విషయంలో ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నెమలికి పూర్తి రక్షణ ఉంది. పట్టుకోకు, ఎవరినీ పట్టుకురమ్మని అడగకు, చనిపోయిన నెమలి కనిపించినా ముట్టుకోకుండా అటవీశాఖకు చెప్పు. కౌజు పిట్టలైనా, అడవి కోడి అయినా అంతే. దారి మాత్రం ఉంది. పాత విశ్వవిద్యాలయాల జువాలజీ మ్యూజియంలలో ఎండబెట్టిన పక్షి చర్మాలు ఉంటాయి. వాటి ఈకల మధ్య ఎండిపోయిన పేలు అలాగే ఉండిపోతాయి. పాత పరిశోధకులు చాలా జాతుల్ని అలాగే సేకరించారు. మీ డిపార్టుమెంట్ నుంచి ఉత్తరం తీసుకుని వెళ్లి, చర్మం కింద తెల్లకాగితం పరచి, ఈకల్ని మెత్తటి బ్రష్‌తో దువ్వడానికి అనుమతి అడుగు. ఎండిన పేను కాస్టిక్ పొటాష్‌లో వేస్తే మళ్లీ ఉబ్బి చక్కగా విచ్చుకుంటుంది. నెమలి చర్మం దొరికితే మొదట వెతకాల్సింది గోనియోడిస్ పావోనిస్. లినేయస్ 1758లో పేరు పెట్టిన పేల్లో అదొకటి. నీ కోడి గోనియోడిస్ పక్కన పెడితే తల వెనక కోణాలు, మగ శృంగం కొక్కెం, ఒళ్లు పెద్దగా ఉండటం మూడూ ఒకే స్లైడు పెట్టెలో పోల్చి చూడగలవు. ఒకే డ్రాయర్‌లో వేరే పక్షుల చర్మాలుంటే పేలు కలిసిపోయి ఉండవచ్చు, అదీ నోట్సులో రాసుకో.

గినీ కోడి మగ సన్నపేను స్లైడు అయ్యాక పొట్ట పైకి ఉన్నదాని ఫోటో ఇక్కడ పెట్టు. స్కేలు గీత తప్పకుండా వెయ్యి. నా పెట్టెలో కాపోనిస్ మగవి ఉన్నాయి, వాటి ఫోటో తీసి పక్కన పెడతాను.